మూడు పౌన్ల తరుగు

లడ్లో ఊరు దాటాక ఒక కోళ్ల షెడ్డులో దొరికింది.
తలుపు గాలికి కొట్టుకోకుండా
నలభై ఏళ్లుగా అడ్డం పెట్టారట.
రాత్రిళ్లు దాని కొమ్ము మీద కోళ్లు కునికేవట.
తెల్లటి రెట్ట, దాని కింద ఎర్రటి తుప్పు.
ఇనుమన్నది ఎక్కడో లోపల ఉండాలి.

హెస్టర్ ప్రాబర్ట్ మోకాళ్ల మీద కూలబడింది.
బేరమాడేవాళ్లు అలా కూలబడకూడదు.
కోటు జేబులోంచి రేగుపండంత ఉక్కుగుండు తీసి
జానెడు ఎత్తు నుంచి దాగలి మీద వదిలింది.
అది లేచింది. మళ్లీ లేచింది.
చివరికి సన్నగా వణికి, పక్కకి దొర్లింది.
"బతికే ఉంది" అంది నా చెవిలో.
ఆసామికీ వినపడినట్టుంది,
ధర ఇరవై పౌన్లు పెరిగింది.

ఈ దేశంలో డబ్బుకీ బరువుకీ ఒకటే పేరు.
ఆవిడ డబ్బు మోసింది, నేను బరువు.
వ్యాను నాది. వీపు కూడా నాదే.

అలాంటివి ఇంట్లో ఇంకా పదకొండు ఉన్నాయి.
నడుముకి గొలుసు చుట్టి ఉంటాయి అన్నీ,
మోగితే పక్కింటివాళ్లు కేకలేస్తారని.
పన్నెండోదాన్ని నాలుగు రోజులు తీగబ్రష్షుతో తోమింది.
సానరాయి మిషను దగ్గరికి రానివ్వలేదు.
"తుప్పు తీస్తే చాలు, తోలు తియ్యొద్దు."
అవిసె నూనె పట్టించి, పక్కనుంచి టార్చి వేసి,
పక్కటెముకల మీద గోధుమపిండి రుద్దితే
మూడు అంకెలు తేలాయి:
ఒకటి. రెండు. పద్నాలుగు.

అది తేదీ కాదు, తూకం.
ఒకటంటే నూటపన్నెండు,
రెండంటే రెండు ఇరవైఎనిమిదులు,
పద్నాలుగంటే పద్నాలుగే, చిల్లర.
మొత్తం నూట ఎనభై రెండు.

గడ్డి వ్యాపారి కాటాకి గొలుసుతో వేలాడదీశాం.
నూట డెబ్బై తొమ్మిది.
కాటాని తన్నాను. నూట డెబ్బై తొమ్మిదే.

డెంజిల్ గాఫ్ వచ్చి వేలితో పల్లం తడిమాడు.
"వెల్డింగు పోసి, చదును పట్టి,
శనివారానికి కొత్తదానిలా ఇస్తాను."
"కొత్తది కావాలంటే కొత్తదే కొనేదాన్ని కదా?"
అతను టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ పల్లం నడిమధ్యన లేదు.
ఒక అంచుకి జరిగి ఉంది, ఆ అంచే చిట్లి ఉంది.
ఆవిడ ఈ పక్కన నిలబడింది, ఆ పక్కన నిలబడింది,
సుత్తి ఎత్తింది, దించింది. కుదరలేదు.
"నువ్వు సంతకం ఏ చేత్తో చేస్తావు?"
నాది పుర్రచెయ్యి.
బడిలో స్కేలుతో కొట్టినా మారని చెయ్యి.
సుత్తి అందుకుని ఊరికే వదిలాను.
అది వెళ్లి పల్లంలో పడింది,
చీకట్లో కూడా స్విచ్చు దొరికినట్టు.

తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ అనుకోలేదు.

మూడు పౌన్లు ఎలా తరుగుతాయి?
ఎవరూ ఒకేసారి తీసుకుపోలేదు.
ఒక నాడాకి రవ్వంత, ఒక గొళ్లేనికి నలుసంత.
సాయంత్రం చీపురుతో ఊడిస్తే
దురదగొండి చెట్ల మొదట్లోకి కొంత.
బూటు అడుగున అంటుకుని ఇంటిదాకా కొంత,
అక్కణ్ణుంచి పసిపిల్ల అరికాలికి.
తరుగు పుస్తకంలో రాసుకునేది కంసాలి.
కమ్మరి రాసుకోడు.

ఆవిడ రాసుకుంది, పెన్సిలుతో:
"గుండ్రటి బెజ్జం లేదు, పలకల బెజ్జం ఒక్కటే.
1830కి ముందుదా?
ఎడమచేతివాడా?"
పేరు కోసం చోటు వదల్లేదు.
తెలిసేది కాదని తెలిసి.

ఆదివారం పొద్దున్నే కోళ్ల ఆసామి ఫోను.
రాత్రంతా తలుపు కొట్టుకుంటోందట,
కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయట.
"మీ దగ్గర బరువైనదేదైనా ఉందా,
అక్కర్లేనిది?"

హెస్టర్ ఒక్కొక్క దాగలి వైపూ చూసింది.
పన్నెండింటి వైపూ చూసి,
చివరికి నా వైపు చూసింది.